అంచు లేచిన కార్కు పలక: నష్టం ఎవరి ఖాతాలో?

యూరపు, అమెరికా విపణులలో నేలకు అతికించే కార్కు పలకల వర్తకులకు తరచుగా ఎదురయ్యే ఫిర్యాదు ఒకటున్నది. పలకలు పరచిన కొద్ది నెలలకు అంచులు పైకి లేస్తాయి. నడిచేటప్పుడు కాలికి తగులుతాయి. తడిగుడ్డ పెడితే నీరు సందులోకి దిగుతుంది. కొనుగోలుదారు ముందుగా దుకాణానికే వస్తాడు. దుకాణదారు దిగుమతిదారును, దిగుమతిదారు మిల్లును, మిల్లువారు జిగురు తయారీదారును, చివరకు అందరూ కలిసి పలకలు పరచిన మేస్త్రీని వేలెత్తి చూపుతారు. ఈలోగా బిల్లులో ఆఖరి వాయిదా ఆగిపోతుంది.

సరుకులోనే దోషం ఉండి అంచు లేవడం లేకపోలేదు. కాని ఇటువంటి తగాదాలలో ఎక్కువ భాగం నేలలోని తేమ దగ్గరో, జిగురు పూసిన తీరు దగ్గరో తేలుతుంది. కారణం ఏదైనదీ లేచిన పలకను వెనక్కు తిప్పి చూస్తే చాలావరకు తెలుస్తుంది. ఆ చూడటం తెలియని వర్తకుడు తనది కాని నష్టాన్ని కూడా భరిస్తాడు.

సరుకు ఎక్కడిది?

కార్కు అనేది ఓకు జాతి చెట్టు బెరడు. మనవైపు బొమ్మలకు, పూలకు వాడే జీలుగు బెండుకూ దీనికీ తేలికదనం ఒక్కటే పోలిక. పోర్చుగల్, స్పెయిన్, మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, ఇటలీ, ఫ్రాన్సు, అంటే మధ్యధరా సముద్రపు పడమటి ప్రాంతమే దీనికి నెలవు. ప్రపంచ ఉత్పత్తిలో సుమారు సగం పోర్చుగల్‌ది. అక్కడ బెరడు ధర అరోబా లెక్కన పలుకుతుంది. అరోబా అంటే 15 కిలోలు, మన మణుగు వంటి పాత తూకం.

చెట్టుకు సుమారు 25 ఏళ్లు వచ్చాక మొదటిసారి బెరడు వలుస్తారు. ఆ తరువాత ప్రతి వలుపుకూ మధ్య కనీసం 9 ఏళ్లు ఉండాలని పోర్చుగల్ చట్టం. వలిచిన సంవత్సరపు చివరి అంకెను మాను మీద రంగుతో వేస్తారు. 2024లో వలిచిన చెట్టుపై 4 ఉంటుంది. 2033 వచ్చేదాకా దాని మీద గొడ్డలి పడరాదు. సీసా బిరడాలకు పనికివచ్చే నాణ్యమైన బెరడు మూడవ వలుపు నుంచి గాని రాదు. అప్పటికి చెట్టు వయస్సు 40 దాటుతుంది. గిరాకీ పెరిగినది గదా అని మరుసటి కారులో విస్తీర్ణం పెంచుకోవడానికి ఇది మిర్చి కాదు, పత్తి కాదు.

బెరడును ఆరబెట్టి, మరిగే నీటిలో ఉడికించి, బిరడాలు కోసుకోగా మిగిలిన తునకలనూ, మొదటి రెండు వలుపుల నాసి బెరడునూ మరలో వేసి గింజగా నలుపుతారు. ఆ గింజకు రెసిన్ కలిపి, వేడిలో ఒత్తిడితో దిమ్మలు పోసి, పలచగా కోస్తే నేల పలకలు తయారవుతాయి. జిన్నింగు మిల్లుకు పత్తి గింజ ఎటువంటిదో బిరడా మిల్లుకు ఈ పలక అటువంటిది. ఎగుమతి విలువలో సింహభాగం బిరడాలదే. పోర్చుగల్ ఉత్తరాన శాంటా మరియా ద ఫెయిరా చుట్టుపక్కల ఈ మిల్లులు గుంపుగా ఉన్నాయి.

వర్తకంలో ఎక్కువగా నడిచే కొలత 300 మిల్లీమీటర్ల చదరపు పలక, మందం 4 మిల్లీమీటర్లు. 600కు 300 రకం, 6 మిల్లీమీటర్ల మందం కూడా దొరుకుతాయి. 100 చదరపు మీటర్ల గదికి చిన్న పలకలు 1,111 కావాలి. కోతలో పోయేదానికి నూటికి 5 కలిపితే 1,167. ఘనపు మీటరుకు 500 కిలోల సాంద్రత గల సరుకైతే పరచిన 100 చదరపు మీటర్ల బరువు 200 కిలోలు మాత్రమే. అయితే అది 0.4 ఘనపు మీటరు చోటు ఆక్రమిస్తుంది. విడి సరుకుగా ఓడలో వచ్చేటప్పుడు టన్ను లెక్క, ఘనపు మీటరు లెక్క, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దానిపైనే కిరాయి వేస్తారు గనుక తేలిక సరుకని మురిసిపోవడానికి లేదు. కస్టమ్సు పట్టీలో ఇది 45వ అధ్యాయం, 4504.10 పద్దు కింద వస్తుంది.

నాణ్యత చూడటానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. మంచి పలకను రెండు చేతులతో మెల్లగా వంచితే పగలకుండా వంగి, వదిలితే తిరిగి చదునవుతుంది. అంచును గోటితో గీకితే గింజ రాలకూడదు. పెట్టె తెరవగానే పలకలు దోనెలా వంగి కనబడితే వాటిని అలాగే అతికించనివ్వరాదు. గోదాములో పెట్టెలను నిలువుగా ఆనించినా, రేకుల కప్పు కింద పైవరుసలో పెట్టినా ఈ వంపు వస్తుంది. కాబట్టి పెట్టెలను పడుకోబెట్టి నిల్వచేయాలి.

నేల ఆరినదా, గట్టిపడినదా?

అంచు లేవడానికి అతి పెద్ద కారణం కింది కాంక్రీటు. 28 రోజులు నీళ్లు పెట్టి క్యూరింగు చేసిన గచ్చు సిద్ధమైనదని కట్టడపు పనివారు అంటారు. ఆ 28 రోజులు బలానికి సంబంధించిన లెక్క, ఆరడానికి సంబంధించినది కాదు. నిజానికి క్యూరింగు పూర్తయిన తరువాతనే ఆరడం మొదలవుతుంది. గాలి బాగా ఆడే చోట 50 మిల్లీమీటర్ల మందం వరకు రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున ఆరుతుందని బ్రిటన్‌లో పాటించే లెక్క. అంటే 50 మిల్లీమీటర్ల గచ్చుకు 50 రోజులు. మందం అంతకు మించితే వేగం తగ్గుతుంది. 150 మిల్లీమీటర్ల స్లాబుకు నెలల తరబడి ఆగవలసి ఉంటుంది. వానాకాలంలో ఈ లెక్క మరింత వెనక్కు పోతుంది.

తేమను కొలవడానికి కొన్ని పద్ధతులున్నాయి. యూరపులో గచ్చు నుంచి తునక తీసి, పొడిచేసి, కార్బైడుతో కలిపి సీసాలో బిగించి, పుట్టిన వాయువు ఒత్తిడిని బట్టి తేమ చూస్తారు. సిమెంటు గచ్చుకు అక్కడ సాధారణంగా ఒప్పుకునే హద్దు తూకంలో 2 శాతం. మిర్చిలో 10 శాతం తేమను సరేనని తూకం వేయించే వర్తకునికి ఈ 2 శాతం మరీ చాదస్తంగా తోచవచ్చు. కాని మిర్చి బస్తా ఊపిరి పీల్చుకుంటుంది. జిగురుతో మూసిన గచ్చులోని తేమకు బయటపడే దారి పలకల అంచు ఒక్కటే. బ్రిటన్‌లో గచ్చులోని సాపేక్ష తేమ 75 శాతానికి మించరాదంటారు. అమెరికాలో కాల్షియం క్లోరైడు పరీక్ష వాడుక. వెయ్యి చదరపు అడుగులకు 24 గంటలలో 3 పౌండ్లకు మించి తేమ రాకూడదన్నది చాలామంది తయారీదారుల షరతు.

ఏ పరికరమూ లేనిచోట కనీసం 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ కాగితం నేలపై పరచి, నాలుగు అంచులూ టేపుతో బిగించి, 16 గంటలు ఉంచి తీసి చూడాలి. కింద చెమట పట్టినా, గచ్చు నల్లబడినా పని ఆపవలసిందే. చెమట పట్టకపోయినంత మాత్రాన నేల ఆరినట్టు హామీ లేదని కూడా గుర్తుంచుకోవాలి.

చదును సంగతి దీని తరువాతిది. 2 మీటర్ల సూటి బద్ద ఆనిస్తే దాని కింద 3 మిల్లీమీటర్లకు మించి సందు కనబడకూడదు. 4 మిల్లీమీటర్ల మెత్తటి పలక కింది గుంటను దాచదు. గుంట మీద పడిన పలక మధ్యలో గాలిలో ఉండి అంచుల దగ్గర మాత్రమే పట్టుకుంటుంది. కాలు పడినప్పుడల్లా ఆ అంచు కదిలి కదిలి ఊడుతుంది.

పలకలు గది గాలికి అలవాటు పడాలి. పెట్టెలు తెరిచి 48 నుంచి 72 గంటలు అదే గదిలో ఉంచడం రివాజు. ఇందులో ఒక మెలిక ఉన్నది. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్లలో వానాకాలపు గాలికి పలకలను అలవాటు చేసి అతికించి, ఆ మరునాటి నుంచి ఏర్ కండిషనర్ నడిపితే పలకలు ఎండి కుంచించుకుంటాయి. గదిని చివరకు ఏ స్థితిలో వాడతారో ఆ స్థితిలోనే పలకలను ఆరబెట్టాలి. ఏ.సి. ఉండే గదికి ముందుగానే ఏ.సి. వేయించాలి. ఆ కరెంటు ఖర్చు ఎవరిదని పేచీ పడేకంటే కొటేషన్‌లోనే రాసుకోవడం మేలు.

తేడా చిన్నదని కొట్టిపారేయడానికి వీలులేదు. 300 మిల్లీమీటర్ల పలక వెయ్యికి 3 వంతులు పెరిగిందనుకుంటే అది ఒక మిల్లీమీటరు కూడా కాదు. వరుసగా పది పలకలు కలిస్తే 9 మిల్లీమీటర్లు. పక్కకు జరిగే చోటు లేక ఆ 9 మిల్లీమీటర్లు అతుకుల దగ్గర గుట్టకడతాయి.

జిగురు ఓపిక

పలకలకు ఎక్కువగా వాడేది కాంటాక్టు రకం జిగురు. పూర్వం ద్రావకం కలిపిన నియోప్రీన్ జిగుర్లు వాడేవారు. వాటి ఆవిరికి నిప్పు అంటుకునే గుణం ఉన్నది. ఇప్పుడు నీటితో కలిసే రకాలకు వాడకం పెరిగినది. పద్ధతి మాత్రం అదే. నేలకూ, పలక వెనుకకూ రెండింటికీ పూయాలి. కొన్ని మిల్లులు పలక వెనుక ముందే పూసి పంపుతాయి; అటువంటి వాటికి నేలపై పూస్తే చాలు. తెల్లగా ఉన్న జిగురు నీరు పోయి పారదర్శకంగా మారి, వేలు పెడితే అంటీఅంటని స్థితికి వచ్చాక మాత్రమే పలక వేయాలి. గాలిని బట్టి దీనికి అరగంట నుంచి గంట దాకా పడుతుంది.

చిక్కంతా ఇక్కడే. తొందరపడి తడి జిగురు మీద పలక వేస్తే లోపలి నీరు బయటకు పోలేక పలకలోకి ఇంకుతుంది. వేసే లోపల భోజనానికి వెళ్లి మూడు గంటలకు తిరిగి వచ్చే మేస్త్రీ చేతిలో జిగురు పట్టు చచ్చిపోతుంది. ఎంతసేపటి వరకు పట్టు నిలుస్తుందో డబ్బా మీదనే ఉంటుంది. ఒక్కో తయారీకి ఒక్కో గడువు. ఒకరి పలకకు మరొకరి జిగురు వాడి, పలక మిల్లును నష్టపరిహారం అడిగితే మొదటి ఉత్తరంలోనే తిరస్కారం వస్తుంది.

పని మొదలు గది నడుమ నుంచి. సుద్ద పూసిన దారంతో అడ్డంగా, నిలువుగా గీత కొట్టి, ఆ గీతకు మొదటి పలకను పట్టించాలి. కాంటాక్టు జిగురు తాకిన తరువాత జరపడానికి వీలుండదు గనుక మొదటి పలక ఒక దారమంత వంకర పోతే గోడ చేరేసరికి వేలెడంత అవుతుంది. మూడు నాలుగు పెట్టెల పలకలు కలిపి వేయాలి. సహజ బెరడు గనుక పెట్టెకూ పెట్టెకూ ఛాయ మారుతుంది. పలకలు తాకీ తాకనట్టుండాలి, ఇరికించి కుక్కకూడదు. గోడ పక్కన సుమారు 3 మిల్లీమీటర్లు వదిలి, పైన పట్టీ కప్పాలి.

ఆ తరువాత రబ్బరు సుత్తితో ప్రతి పలక నాలుగు అంచులూ కొట్టి, గది అంతటా సుమారు 50 కిలోల రోలరును రెండు దిక్కులా నడపాలి. కాంటాక్టు జిగురు పట్టు కాలంతో కాక ఒత్తిడితో వస్తుంది. రోలరు అద్దెకు తేవడం దండగని చేతితో అదిమి వదిలేసిన పనులే ఆరు నెలలకు తిరిగి దుకాణం మెట్లెక్కుతాయి.

పలకలు వేసి ఒకటి రెండు రోజులు గడిచాక పాలియురెథేన్ పూత. ముందే పూత వేసి వచ్చిన పలకలకు ఇది అక్కరలేదని చాలామంది అనుకుంటారు. ఆ పూత పలక ముఖానికే ఉన్నది, రెండు పలకల మధ్య అతుకుకు లేదు. పరచిన తరువాత కనీసం ఒక పూత వేస్తే గాని అతుకు మూసుకోదు.

వెనుక వైపు ఏం చెబుతుంది

అంచు లేచినదని కబురు రాగానే చేయవలసిన మొదటి పని ఒక పలకను పూర్తిగా తీసి వెనుక చూడటం. పలక వెనుక శుభ్రంగా ఉండి, జిగురంతా నేల మీదే నిగనిగలాడుతూ ఉంటే పలకకు జిగురు పూయలేదు, లేదా గడువు దాటాక వేశారు, లేదా రోలరు నడపలేదు. ఇది మేస్త్రీ ఖాతా. జిగురు పలకతోపాటు లేచి వచ్చి దానికి సిమెంటు దుమ్ము పొరలా అంటి ఉంటే నేల ఊడవకుండా పూశారు, లేదా పై గచ్చు బలహీనమైనది. ఇది నేల సిద్ధం చేసినవారి ఖాతా. జిగురు మెత్తగా బంకలా సాగుతూ, నేల మీద తెల్లటి ఉప్పు పొర కనబడితే కింది నుంచి తేమ వస్తున్నది. పలక మార్చినా, జిగురు మార్చినా మళ్లీ లేస్తుంది.

మూడు రకాలూ ఒకే గదిలో ఉండే సందర్భాలూ ఉంటాయి. అందుకే గది అంతా తిరిగి ఎక్కడెక్కడ లేచినదీ కాగితంపై గుర్తు పెట్టుకోవాలి. బాత్రూము గోడ వెంట, వంటింటి తొట్టి ముందు మాత్రమే లేస్తే అది పైనుంచి పడిన నీరు. గాజు తలుపు ముందు ఎండ పడే మేర మాత్రమే లేచి, అతుకుల మధ్య సందులు కూడా కనబడితే అది ఎండకు కుంచించుకోవడం. గది అంతటా చెల్లాచెదురుగా, వరుస లేకుండా లేస్తే చేతి పనిలో అశ్రద్ధ. ఒక పెట్టె పలకలు మాత్రమే అంతటా లేచి, మిగిలినవి నిలిచి ఉంటే అప్పుడు మిల్లుకు రాయవచ్చు. అయితే పెట్టెలు కలిపి వేసిన చోట ఏ పలక ఏ పెట్టెదో పలక వెనుక ముద్ర ఉంటే తప్ప తెలియదు.

బాగుచేయడం

తేమ కారణమని తేలితే అంచు అతికించడం వృథా ఖర్చు. నేల ఆరాలి, లేదా పలకలు తీసి తేమను అడ్డే పూత వేయాలి. తక్కిన వాటికి మార్గమున్నది.

లేచిన అంచును నెమ్మదిగా ఎత్తి, సన్నని కుంచెతో లోపలి దుమ్ము తీయాలి. అంచు గట్టిపడి వంగకపోతే తల ఆరబెట్టుకునే యంత్రంతో కొద్దిగా వేడిచేస్తే మెత్తబడుతుంది. పలుచని బద్దతో నేలకూ పలకకూ రెండింటికీ తాజా కాంటాక్టు జిగురు పూసి, అవి తాకకుండా అగ్గిపుల్ల ఆపి, జిగురు ఆరేదాకా ఆగాలి. పుల్ల తీసి, అదిమి, సుత్తితో కొట్టి, మైనపు కాగితం వేసి 24 గంటలు బరువు పెట్టాలి. చివర అతుకు మీద పూత. ఈ చివరి పని ఎగగొట్టినందువల్లే బాగుచేసిన అంచు మళ్లీ లేస్తుంది. లేచిన అంచును ఉప్పుకాగితంతో అరగదీసి చదును చేసే వారున్నారు. అది లేచినట్టు కనబడకుండా చేస్తుంది, కింద మాత్రం బోలుగానే ఉంటుంది. మేకులు కొట్టడం మరీ అన్యాయం.

అంచు నానిపోయి ఉబ్బితే, లేక గింజ రాలితే పలక మార్చవలసిందే. పలకను నడుమ కోసి, ఉలితో నడుమ నుంచి అంచులకు తీసుకుపోవాలి. అంచు నుంచి మొదలుపెడితే పక్క పలక చెడుతుంది. పాత జిగురు గీకివేసి, కొత్త పలక వేయాలి. ఇక్కడ వర్తకుని ఇబ్బంది వేరు. 40 పలకలు మార్చాలంటే సరుకు 3.6 చదరపు మీటర్లే. కాని రెండేళ్లు వెలుతురులో ఉన్న కార్కుకు రంగు మారి ఉంటుంది. కొత్త లాటు పలక పక్కన పెడితే అతుకు వేసిన చొక్కాలా కనబడుతుంది. అందువల్ల పాతకాపు వర్తకులు ప్రతి ఆర్డరుకూ అదే లాటులోని ఒక పెట్టెను అదనంగా అమ్మి, కొనుగోలుదారు ఇంటనే ఉంచమంటారు.

ఏ కాగితాలు ఉండాలి?

మన ప్రాంతపు వర్తకులకు కార్కు అంటే ఇంజను గాస్కెట్లు, ట్రాన్స్‌ఫార్మర్ల ప్యాకింగు, క్రికెట్ బంతి లోపలి గుండు, సీసా మూతలు. తాండూరు, కడప రాళ్లు చవకగా దొరికే చోట నేలకు దీనిని వాడేవారు తక్కువ. చప్పుడు తగ్గించడానికి, కాలికి మెత్తగా ఉండటానికి కావాలనుకునే చోట్ల నుంచి ఎప్పుడో ఒక ఆర్డరు వస్తుంది. అరుదుగా వచ్చే ఆర్డరులోనే తగాదాకు అవకాశమెక్కువ. మేస్త్రీకి అలవాటు ఉండదు, వర్తకునికి ముందు అనుభవం ఉండదు, ఎండలోనూ వానలోనూ కూడా గచ్చును తడిబట్టతో తుడవడం ఇంటివారికి అలవాటు.

సరుకు ఇచ్చేటప్పుడు పెట్టె మీది లాటు నంబరు బిల్లులో రాయాలి. అదే లాటు పలకలు రెండు దుకాణంలో ఉంచుకోవాలి. పరచే ముందు తేమ ఎంత ఉన్నదో, ఏ పద్ధతిలో, ఏ తేదీన చూశారో రాయించి మేస్త్రీ చేత సంతకం పెట్టించాలి. జిగురు డబ్బా మీది తయారీ తేదీ, గడువు తేదీ ఫొటో తీయాలి. పరచే పని దుకాణం తరఫున చేయిస్తున్నారా, కొనుగోలుదారు తన మనిషి చేత చేయించుకుంటున్నారా అన్నది బిల్లులో ఒక వాక్యంగా ఉండాలి. రెండవదైతే దుకాణం బాధ్యత సరుకుతో ఆగుతుంది. మొదటిదైతే నేల కూడా దుకాణానిదే అవుతుంది. పూత పూర్తయిన రోజున గది మొత్తం ఫొటోలు తీసి, వాటిలో అంచులు పడుకొని ఉన్నట్టు కనబడేలా చూసుకోవాలి. ఆఖరి వాయిదా ఆ రోజునే వసూలు చేసుకునే వర్తకులు ఉన్నారు. కొందరు ఒక వానాకాలం గడిచేదాకా నూటికి 5 వదిలి ఉంచుతారు. అలా వదిలినవారు ఆ సొమ్మును ధరలో ముందే కలుపుకుంటారు.